ముసుగు లోపల ఉండేది డూపు కాదురా, వాడే

విలెమ్ డఫో అని పేరు చెప్తే మా కడప వైపు ఎక్కువమంది గుర్తుపట్టరు. స్పైడర్ మ్యాన్ మొదటి సినిమాలో పచ్చ ముసుగేసుకుని, ఎగిరే యంత్రం మీద నిలబడి నవ్వుతూ వస్తాడే ఆ విలన్ అంటే మాత్రం నా ఈడు వాళ్ళకు టక్కున గుర్తొస్తాడు. నటన అంటే ఏంటో నేను గమనించడం మొదలుపెట్టింది ఆ విలన్ని చూసే, ఎక్కడ చూడాలో చెప్పింది మా చిన్నాయన. ఇద్దరి గురించీ కలిపి రాయాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నా, ఇవాళ కుదిరింది.

మా చిన్నాయనది వేంపల్లె దగ్గర ఒక పల్లె. సేద్యం చేసేవాడు, తిరునాళ్ళకు, శివరాత్రికి నాటకాలు ఆడేవాడు. మాకు పక్కనే చక్రాయపేట మండలంలో సురభి అనే ఊరుంది. 1885లో వనారస గోవిందరావు గారు అక్కడే కీచక వధ ఆడించారు, ఆ ఊరి పేరే సురభి నాటక సమాజాలకు పేరైంది. మా వైపు పల్లెల్లో మొహానికి రంగు పూసుకున్న ప్రతి మనిషీ ఈ సంగతి గర్వంగా చెప్పుకుంటాడు. చిన్నాయనైతే ఇంకా ఎక్కువ చెప్పేవాడు, ఎందుకంటే ఆయన ఎక్కువగా వేసింది కీచకుడి వేషమే, అప్పుడప్పుడు దుర్యోధనుడు. తాడిపత్రిలో పుట్టిన బళ్ళారి రాఘవ గారంటే ఆయనకు ప్రాణం. రాఘవ గారు 1946లోనే పోయారు, చిన్నాయన చూసే అవకాశమే లేదు, పెద్దవాళ్ళ నోట విన్నదే. అయినా హిరణ్యకశిపుడి వేషంలో రాఘవ గారు స్టేజీ మీదికి ఎట్లా వచ్చేవారో ముందు వరసలో కూర్చుని చూసినట్టే చెప్పేవాడు.

నాటకం రోజు రాత్రి నేను మేకప్ దగ్గరే కూర్చునేవాణ్ణి. ముందు మొహానికి కొబ్బరినూనె, దాని మీద అర్దళం రంగు, కళ్ళ చుట్టూ కాటుక, పై పెదవి మీద జిగురు రాసి మీసం అతికించుకుని అది ఆరేదాకా నోరు మెదపకుండా కూర్చోవడం. అద్దెకు తెచ్చిన కిరీటం, భుజకీర్తులు ఎప్పుడూ ఒక సైజు పెద్దవే వచ్చేవి, లోపల గుడ్డ కుక్కి కట్టేవాళ్ళు. హార్మోనియం అందుకున్నాక పద్యం ఎత్తితే "వన్స్ మోర్" అని అరుపులు. కానీ చిన్నాయనకు చుట్టుపక్కల ఊళ్ళలో పేరొచ్చింది పద్యానికి కాదు, చచ్చే సీనుకు. భీముడు పట్టుకుని నలిపి పడేస్తే ఆయన స్టేజీ చెక్కల మీద పడే తీరు చూసి వెనకాల కూర్చున్న ఆడవాళ్ళు కూడా లేచి నిలబడేవాళ్ళు. నడుం విరిగిపోయిందని నేను ఏడ్చిన రాత్రులున్నాయి. తెల్లారే సరికి ఆయన మామూలుగా చేనికి పోయేవాడు. "పద్యం ఎవుడైనా నేర్చుకుంటాడు అబ్బీ, పడడం నేర్చుకోవల్ల" అనేవాడు. ఏ నటుణ్ణి చూసినా ఆయన కొలత అదే. ఎట్లా పడతాడు, ఎట్లా నిలబడతాడు, మెడ ఎట్లా తిప్పుతాడు. మొహం సంగతి ఆ తర్వాత.

2002లో నేను పదో తరగతి అయిపోయి ఇంట్లో ఉన్నా. చిన్నాయన విత్తనం శనక్కాయల పని మీద కడపకొచ్చి మా ఇంట్లో దిగాడు. పని ఆ రోజు తెమల్లేదు, సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని ఊరికే బయల్దేరాడు. ఏడు రోడ్ల దగ్గర పోస్టరు కనపడింది, స్పైడర్ మ్యాన్, తెలుగు మాటల్తో. ఆ హీరో నాకు టీవీ కార్టూన్లో పరిచయం, పుస్తకాలు మాత్రం మా చేతికి ఎప్పుడూ రాలేదు, చందమామ, బాలమిత్ర దొరికినట్టు అవి మా ఊర్లో దొరికేవి కాదు. పోదాం పోదాం అని పట్టుబట్టా. "ఏం కథరా అది?" అన్నాడు చిన్నాయన. "సాలీడు కుట్టినోడి కథ" అన్నా. "సరే, పా" అన్నాడు.

బాల్కనీలో ఉక్కగా ఉంది, మొదటి అరగంట చిన్నాయన పెద్దగా పట్టించుకోలేదు. హీరో గోడలెక్కుతుంటే పిల్లలంతా ఈలలు, ఆయన మాత్రం పక్కాయనతో వానల గురించి మాట్లాడుతున్నాడు. అప్పుడొచ్చింది ఆ ప్రయోగశాల సీను. నార్మన్ ఆస్బార్న్ అని పెద్ద కంపెనీ ఓనరు, సైన్యం వాళ్ళ కాంట్రాక్టు చెయ్యి జారిపోయేట్టు ఉంటే, ఇంకా పరీక్షలు పూర్తికాని మందును తన మీదే ప్రయోగించుకుంటాడు. ఒంటి మీద చొక్కా లేదు, బల్లకు పట్టీలతో కట్టేసి ఉన్నాడు, పచ్చటి పొగ కమ్ముకుంటుంది, ఆ మనిషి ఒళ్ళు కాలి వేళ్ళ నుంచి మెడ దాకా మెలి తిరిగిపోతుంది. చిన్నాయన మాట ఆపి ముందుకు వంగాడు. ఇంటర్వెల్లో కూడా లేవలేదు.

ఆ తర్వాత పచ్చ ముసుగు వచ్చింది. మీరు చూసే ఉంటారు, అది మెత్తటి ముసుగు కాదు, గట్టి హెల్మెట్ లాంటిది, నోరు తెరుచుకుని అట్లాగే బిగుసుకుపోయి ఉంటుంది, మొహంలో ఏ కదలికా కనపడదు. లోపల ఎవరున్నా ఒకటే అని నేననుకున్నా, ఆ మాటే అన్నా కూడా. చిన్నాయన తెర మీంచి కళ్ళు తిప్పకుండానే, "ముసుగు లోపల ఉండేది డూపు కాదురా, వాడే" అన్నాడు.

"ఎట్లా చెప్తావు చిన్నాయనా?"

"మెడ చూడు. ముసుగు లేనప్పుడు తల ఎట్ల వాల్చినాడో ఇప్పుడూ అట్లనే వాలుస్తాండాడు. ఇంగొకడు అయింటే అది రాదు."

అప్పట్నుంచి నేను ఆ సినిమాలో కథ వదిలేసి మెడ చూడడం మొదలుపెట్టా. నిజంగానే, మాట మొదలుపెట్టే ముందు తల కొంచెం పక్కకు వంగుతుంది, మాట అయ్యాక భుజం ముందుకొస్తుంది. మొహం మొత్తం మూసేసినా, పసుపు అద్దాల వెనక కళ్ళు ఎప్పుడో ఒకసారి తప్ప కనపడకపోయినా, వాడు ఇప్పుడు కోపంగా ఉన్నాడా, ఆడుకుంటున్నాడా అన్నది ఒంటిని బట్టి తెలిసిపోతుంది. తెలుగు గొంతు ఎవరిదో అరువు తెచ్చుకున్నది, కాబట్టి ఆ హాల్లో మేము చూసింది అచ్చంగా ఆ మనిషి ఒళ్ళు మాత్రమే. అది చాలింది.

కొన్నేళ్ళ తర్వాత నెట్ సెంటర్లో కూర్చుని ఆ సినిమా గురించి వెతికితే చిన్నాయన మాట అక్షరాలా దొరికింది. ఆ డ్రెస్సులో 580 ముక్కలున్నాయట, వేసుకోవడానికే అరగంట పట్టేదట, ఒంటికి సుఖంగా ఉండేది కాదు. అయినా డూపుకు తొడగనివ్వకుండా తానే వేసుకుంటానని డఫో పట్టుబట్టాడు, ఆ పాత్ర ఒంటి భాష స్టంట్ మనిషికి రాదని. ఫైట్లు కూడా చాలావరకు తానే చేశాడు. ఆ రోజే ఊరికి ఫోన్ చేసి చెప్పా. చిన్నాయన "చెప్పలా నేను?" అని పెట్టేశాడు. కడపలో బాల్కనీలో కూర్చుని, ఇంగ్లీషు అక్షరం ముక్క రాని మనిషి, ఆ నటుడి పేరు కూడా తెలియకుండా, మెడ చూసి కనిపెట్టాడు. నాకిప్పటికీ అది తల్చుకుంటే ఒళ్ళు పులకరిస్తుంది.

అక్కణ్ణుంచి డఫో గురించి దొరికిందల్లా చదివా, దొరికిన సినిమా అల్లా చూశా. ఆయన 1955 జులై 22న అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం ఆపిల్టన్ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి సర్జను, తల్లి నర్సు, ఎనిమిది మంది పిల్లలు. చదువు మధ్యలో వదిలేసి మిల్వాకీలో థియేటర్ ఎక్స్ అనే నాటక బృందంలో చేరాడు, తర్వాత న్యూయార్క్ పోయి వూస్టర్ గ్రూప్ అనే నాటక సమాజం మొదలుపెట్టిన వాళ్ళలో ఒకడయ్యాడు. సినిమాల్లో పేరొచ్చాక కూడా ఏళ్ళ తరబడి ఆ సమాజాన్ని వదల్లేదు, షూటింగ్ అయిపోగానే వచ్చి చిన్న హాల్లో నాటకం ఆడేవాడు. ఇది చదివినప్పుడు నాకు అంతా అర్థమైంది. పడడం ఎక్కడ నేర్చుకున్నాడు అంటే, చెక్కల మీద.

సినిమాల్లో మొదలు మాత్రం చాలా అన్యాయంగా జరిగింది. 1980లో వచ్చిన హెవెన్స్ గేట్‌లో చిన్న వేషం. సెట్టులో లైటింగు సరిచేస్తూ అందర్నీ కదలకుండా నిలబెట్టినప్పుడు పక్కనున్న వాళ్ళు ఏదో జోకు చెప్తే గట్టిగా నవ్వాడు, దర్శకుడు మైకేల్ చిమినో అప్పటికప్పుడే తీసేశాడు. నవ్వినందుకు ఇంటికి పంపిన మనిషి నవ్వుకే రేపు ప్రపంచమంతా టికెట్ కొంటుందని అప్పుడు ఎవరికి తెలుసు! ఆ తర్వాత 1984, 85ల్లో వరసగా విలన్లు. ఆ ఎముకలు తేలిన మొహం, ఆ పెద్ద నోరు చూసి ఇంకేం ఇస్తారు. 1986లో ఆలివర్ స్టోన్ మాత్రం ప్లటూన్ సినిమాలో ఆయనకు మంచి సార్జెంటు వేషం ఇచ్చాడు, ఇలయాస్. వియత్నాం అడవిలో ఇలయాస్ చచ్చిపోయే సీను ఉంది చూడండి, వెనకనుంచి తూటాలు తగులుతుంటే పడుతూ, లేస్తూ, చివరికి మోకాళ్ళ మీద కూలి రెండు చేతులూ ఆకాశానికి చాపుతాడు. పోస్టరు మీద వేసింది కూడా ఆ భంగిమే. దానికి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. ఆ సినిమా డీవీడీ ఊరికి తీసుకుపోయి చిన్నాయనకు చూపించా. ఆ సీను మళ్ళీ మళ్ళీ వెనక్కి వేయించుకుని చూశాడు. కీచకుడు వెల్లకిలా పడాల, వీడు బోర్లా పడినాడు, అయినా సరిపోయింది, అన్నాడు. అంతకంటే పెద్ద మెప్పు ఆయన నోటి వెంట ఏ నటుడి గురించీ నేను వినలేదు.

గ్రీన్ గాబ్లిన్ అనే ఆ విలన్ కామిక్ పుస్తకాల్లో చాలా పాతవాడు. 1964లో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో సృష్టించారు, ఆ ముసుగు వెనక ఉన్నది నార్మన్ ఆస్బార్న్ అని 1966లో గానీ బయటపెట్టలేదు. హీరో స్నేహితుడి తండ్రే శత్రువు అన్నమాట. 1973లో హీరో ప్రేమించిన గ్వెన్ అనే అమ్మాయి ఇతని చేతిలో చచ్చిపోతుంది, అది ఆ రోజుల్లో చదివిన పిల్లలకు పెద్ద దెబ్బ. ఇంత చరిత్ర ఉన్నా, సినిమాగా తీసేటప్పుడు ఈ పాత్ర తేలిపోయే ప్రమాదమే ఎక్కువ. ఆకుపచ్చ ముసుగు, గుమ్మడికాయ బాంబులు, పగలబడి నవ్వు. నటుడు ఒక్క క్షణం సిగ్గుపడినా, ఇది పిల్లల ఆట కదా అని ఒక్కసారి మనసులో అనుకున్నా, ప్రేక్షకుడికి తెలిసిపోతుంది. డఫోలో ఆ సిగ్గు మచ్చుకైనా కనపడదు. అప్పటికి రెండు ఆస్కార్ నామినేషన్లున్న మనిషి, రెండోది 2000లో వచ్చిన షాడో ఆఫ్ ద వాంపైర్‌కు, ఈ వేషాన్ని ఆ వేషాలతో సమానంగా చేశాడు.

అద్దం ముందు సీను గురించి చెప్పకుండా ఉండలేను. దర్శకుడు శామ్ రైమీ దాన్ని పెద్ద ఆర్భాటం లేకుండా తీశాడు. నార్మన్ తన ఇంట్లో ఉంటాడు, ఎక్కడో ఒక నవ్వు వినపడుతుంది, భయంగా గదంతా వెతుకుతాడు, చివరికి అద్దంలో తనే కనపడతాడు. ఇక అక్కణ్ణుంచి ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటారు. ముసుగు లేదు, మేకప్ లేదు. ఇటు నిలబడ్డవాడి భుజాలు కుంగిపోయి ఉంటాయి, కింది పెదవి వణుకుతుంటుంది. అటు అద్దంలో ఉన్నవాడికి కనుబొమలు పైకి లేచి ఉంటాయి, పళ్ళు బయటికొస్తాయి, మెడ నిటారుగా ఉంటుంది. ఒకే చొక్కా, ఒకే జుట్టు. మా హాల్లో ఈలలు ఆగిపోయాయి ఆ సీనుకు. చిన్నాయన నాటకం మనిషి కదా, అన్నదమ్ముల్లా రెండు వేషాలు ఒకడే వేయడం ఆయనకు కొత్త కాదు, కానీ డ్రెస్సు మార్చకుండా వేయడం చూసి, "వీణ్ణి స్టేజీ మీద చూడాలరా" అన్నాడు. అప్పటికి ఆ మనిషి స్టేజీ నుంచే వచ్చాడని మా ఇద్దరికీ తెలియదు.

ఇక చావు. తన ఎగిరే యంత్రం వాడి మొనలే తనకు గుచ్చుకుంటాయి. అది వచ్చి తగిలే ముందు అర క్షణంలో మొహం మళ్ళీ మామూలు తండ్రి మొహం అయిపోతుంది, నోట్లోంచి చిన్న శబ్దం ఒకటి వస్తుంది, అంతే. ప్రాణం పోతూ, ఈ సంగతి నా కొడుక్కి చెప్పొద్దని హీరోని అడుగుతాడు. అంతసేపూ వాణ్ణి తిట్టుకున్న పిల్లలం కూడా గమ్మున కూర్చున్నాం. ఇంటికి పోతూ దారిలో కారం దోసె తింటున్నప్పుడు చిన్నాయన నాతో మాట్లాడింది ఆ చావు గురించే, హీరో ఊసే ఎత్తలేదు.

ఆ సినిమా అమెరికాలో మొదటి మూడు రోజుల్లో 11 కోట్ల 48 లక్షల డాలర్లు వసూలు చేసింది, ఒక్క వారాంతంలో పది కోట్లు దాటిన మొదటి సినిమా అదే. సూపర్ హీరో సినిమాలు ఇన్ని రావడానికి దారి వేసినవాటిలో అదొకటి. కానీ ఆ ఘనతలో విలన్ వాటా ఎంత అనేది ఎవరూ లెక్క కట్టరు. అంత గొప్ప నటుడు కామిక్ పుస్తకం వేషం వేయడమేంటి అని రాసినవాళ్ళను చూశా, నాకు ఆ మాట నచ్చదు. మన దగ్గర ఎస్వీ రంగారావు గారు 1951లో పాతాళభైరవిలో నేపాళ మాంత్రికుడు వేస్తే ఎవరైనా చిన్నచూపు చూశారా? ఆ సినిమా తీసిన నాగిరెడ్డి గారిది మా కడప జిల్లానే, చందమామ నడిపిందీ ఆయనే, దర్శకుడు కె.వి. రెడ్డి గారిది తాడిపత్రి. పిల్లల కథను పెద్దవాళ్ళు నమ్మి తీయడమనేది మా మట్టిలో ఉన్న అలవాటు, అందుకేనేమో ఆ పచ్చ ముసుగు మాకు వింతగా అనిపించలేదు.

డఫో ఆ తర్వాత ఎక్కడా ఆగలేదు. 2017లో ద ఫ్లోరిడా ప్రాజెక్ట్‌లో చవక లాడ్జి మేనేజరు, దానికి మూడో నామినేషన్. 2018లో బొమ్మలు గీసే వాన్ గో వేషం, దానికి నాలుగోది, వెనిస్‌లో ఉత్తమ నటుడి బహుమతి కూడా. వాన్ గో 37 ఏళ్ళకే పోయాడు, డఫోకు అప్పటికి అరవై దాటాయి, అయినా పొలాల్లో బొమ్మల సామాను వీపున వేసుకుని నడుస్తుంటే వయసు గుర్తుకు రాదు. నేల మీద పడుకుని మన్ను మొహం మీద పోసుకునే చోటు చిన్నాయనకు బాగా నచ్చింది. ఆస్కార్ మాత్రం ఒక్కటీ ఇవ్వలేదు, నాలుగు సార్లూ పేరు చదివి కూర్చోబెట్టారు. నన్నడిగితే ఐదో నామినేషన్ 2002 సినిమాకు రావాల్సింది.

2021 డిసెంబరులో స్పైడర్ మ్యాన్ వరసలోనే నో వే హోమ్ అనే సినిమా వచ్చింది. పాత సినిమాల విలన్లు అందరూ మళ్ళీ వస్తున్నారన్నప్పుడు నాకు టెన్షన్ పట్టుకుంది. ఊరికే మొహం చూపించి పోయే వేషమైతే ఆ పాత జ్ఞాపకం కూడా చెడిపోతుంది. తర్వాత చదివితే తెలిసింది, ఆయన కూడా అదే మాట అడిగాడట, ఊరికే కనపడి పోయే వేషమైతే రానని, ఫైట్లు తానే చేస్తానని. అప్పటికి ఆయనకు అరవై అయిదు నిండాయి. చిన్నాయనను వేంపల్లె నుంచి పిలిపించి కడపలోనే చూశాం, కరోనా తర్వాత ఆయన హాలుకు రావడం అదే మొదలు. కథలో నార్మన్ ఒక సందులో ఆ పచ్చ ముసుగును తానే పగలగొట్టేస్తాడు, ఇక అక్కణ్ణుంచి సినిమా అంతా ఒట్టి మొహమే. చిన్నాయన నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఇల్లంతా కూల్చుకుంటూ, అంతస్తు తర్వాత అంతస్తు కిందికి పడుతూ కొట్టుకునే ఫైటులో, హీరో మొహం మీద గుద్దుతుంటే ఆ మనిషి నవ్వుతూనే ఉంటాడు. హాల్లో కుర్రాళ్ళంతా పాత హీరోలు తెర మీదికి వచ్చినప్పుడు కేకలు పెట్టారు, నాకూ సంతోషమే, కానీ మా ఇద్దరికీ ఆ సినిమా ఆ ఫైటే. బయటికొచ్చాక చిన్నాయన అడిగిన మొదటి మాట: "ఆ వయసులో నడుం ఎట్ల కాపాడుకున్యాడో కనుక్కో." యోగా చేస్తాడట, చాలా ఏళ్ళ నుంచి, అని చెప్తే నమ్మకంగా తలూపాడు.

చిన్నాయన ఇప్పుడు వేషం కట్టడం లేదు, మోకాళ్ళు ఒప్పుకోవు. ఊళ్ళో కుర్రాళ్ళు మళ్ళీ నాటకం మొదలుపెట్టారు, కీచకుడి వేషం డిగ్రీ చదివే ఒక పిల్లోడికి ఇచ్చారు. గొంతు బాగుంది గానీ పడడానికి భయపడుతున్నాడు, చేతులు ముందు ఆనిస్తున్నాడు. మొన్న నేను పోయినప్పుడు చిన్నాయన నా ఫోన్ అడిగి తీసుకుని, ప్లటూన్‌లో ఆ అడవి సీను పెట్టమని, ఆ పిల్లోణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "చేతులు సూడు, యాడన్నా నేలకు ఆనించినాడా? ముందు మోకాలు ఇయ్యాల, తర్వాత నడుం, తల ఆఖర్న." ఆ పిల్లోడు వెంటనే లేచి వరిగడ్డి పరిచిన చోట పడి చూశాడు, మళ్ళీ చేతులే ముందు వచ్చాయి, మళ్ళీ పడమన్నాడు చిన్నాయన. పోయేముందు ఈ నటుడి సినిమాల పేర్లు రాసివ్వమని నన్నడిగితే రాసిచ్చా, ముందు 2002ది చూడమని, ఆ తర్వాత ప్లటూన్, వాన్ గో, చివర్లో 2021ది చూడమని వరస కూడా చెప్పా.